బ్రాడీపేట కరపత్రానికి టీకా తాత్పర్యం

మూలం:
కో-వర్కింగ్ స్పేస్, బ్రాడీపేట 4/14. ఏసీ, హైస్పీడ్ వైఫై, పవర్ బ్యాకప్, కాఫీ. మొదటి రోజు ఉచితం. సీట్లు పరిమితం. షరతులు వర్తిస్తాయి.

అవతారిక: హైదరాబాదు, బెంగళూరు కంపెనీల కొలువును గుంటూరులో ఇంటి ముందుగదిలో కూర్చుని చేసేవారిని ఉద్దేశించి, పేపరు మధ్యలో పెట్టి పంచబడినది.

ప్రతిపదార్థం:
4/14 = నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊరివారికి టీక అక్కర్లేదు. పొరుగూరివాడు ఇంటి నంబరనుకొని పేటంతా చుట్టివచ్చును.
ఏసీ = మే నెలలో ఇదొక్కటే చాలును, తక్కినవి పాదపూరణములు.
పవర్ బ్యాకప్ = మీటింగులో మాట్లాడుచుండగా ముఖము మాయము కాకుండుట.
కాఫీ = మిషను కాఫీ. ఫిల్టరు కాఫీ యని చెప్పినవారు అక్కడ తాగనివారు.
సీట్లు పరిమితం = అతిశయోక్తి. కుర్చీలన్నియు ఖాళీగా నున్నప్పుడే ఇది ప్రయోగింపబడును.
షరతులు వర్తిస్తాయి = స్పష్టము.

పాఠాంతరం: "స్టార్టప్‌లకు స్వాగతం" అని కొన్ని ప్రతులలో ఉన్నది. త్యాజ్యము. స్టార్టప్ వారికి మంగళగిరిలో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు, అటే పోదురు. బ్రాడీపేటకు వచ్చువాడు నెలజీతగాడు.

పూర్వపక్షం: ఇంట్లో ఏసీ ఉన్నది, ఫైబర్ నెట్ ఉన్నది, అమ్మ కలిపిన కాఫీ ఉన్నది. డబ్బిచ్చి మరొకచోట కూర్చోనేల?

సమాధానం: ఆ ఇల్లే కారణము. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు మన ఊళ్ళో ఖాళీగా ఉన్నవాడి కింద లెక్క. అమెరికా క్లయింటుతో మాట్లాడుచుండగా "ఒరేయ్, గ్యాస్ బండొచ్చింది, తలుపు తియ్యి" అని వంటింటి నుంచి వినవచ్చును. నెలకు లక్ష తెచ్చుచున్నను "అబ్బాయికి ఇంకా ఏం కుదర్లేదా వదినా?" అని పక్కింటావిడ జాలి తప్పదు. ఇక పెళ్ళిసంబంధానికి వచ్చినవారి మొదటి ప్రశ్న "ఆఫీసెక్కడ?" దీనికి జవాబు 4/14 అను పదమందున్నది. కరపత్రకర్త మాత్రము ఏసీ గురించియే చెప్పుచున్నాడు.

ఈ కో-వర్కింగ్ పద్ధతికి ఆద్యుడైన బ్రాడ్ న్యూబర్గ్ 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బల్లలు వేసి కూర్చుంటే మొదటి నెల ఒక్కరూ రాలేదు. బల్ల చూసి ఎవరూ రారని అప్పుడే తేలిపోయినది.

దృష్టాంతం: మన మిర్చియార్డు. అక్కడి కమీషన్ కొట్టాయన కరపత్రము వేయించడు. ఊళ్ళో నలుగురూ మాట వినే ఒక పెద్ద రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆ కొట్లో దిగి, కాటా సరిగ్గా పడి, డబ్బు చేతికందితే, మరుసటి వారం ఆ ఊరి సరుకంతా అక్కడే దిగును. (పెట్టుబడికి ముందే అప్పిచ్చి రైతును కట్టిపడేయుట కూడా అక్కడ కలదు. అది అనుకరణీయము కాదు.) అట్లే పేటలో పరువుగల ఒక ఆడిటరు గారబ్బాయి వచ్చి కూర్చున్నచో ఆ వీధి పిల్లలందరి తండ్రులకు నమ్మకము కుదురును.

తాత్పర్యం: చందా కట్టువాడు కొడుకు, కట్టమనవలసినవాడు తండ్రి. కావున మూలమును ఇట్లు సవరించి చదువుకొనవలెను: "అయ్యా! మీ అబ్బాయి ఉదయం తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, క్యారేజీ పట్టుకొని, వీధిలో అందరూ చూస్తుండగా బండి స్టార్ట్ చేసి ఆఫీసుకు పోవును."

ఇందు "అబ్బాయి" అన్నచోట "కోడలు" అనియు చదువవచ్చును. అప్పుడు మొదటి రోజు ఉచితమనే ఆశ చూపనక్కర్లేదు. అత్తగారిని ఒప్పించిన నాడే కోడలు ఏడాది చందా కట్టివేయును.