గారెలూ గ్యారులసూ

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఏ హాస్టల్ తలుపు తట్టినా ఒక జీఆర్‌ఈ అబ్బాయి దొరుకుతాడు. పేర్లు వేరు గానీ మనిషి ఒకడే. ఒళ్లు అట్లకాడంత, చేతిలో పుస్తకం ఇటుకంత. అందులో మూడున్నర వేల ఇంగ్లీషు మాటల జాబితా. పుస్తకం మూసి అంచు చూడండి. ‘ఏ’ అక్షరం పేజీలు టీ మరకలతో నల్లబడి ఉంటాయి. ‘బి’ దగ్గర కాస్త ముడతలు. ‘సి’ నుంచి ‘జెడ్’ దాకా బీరువాలో పట్టుచీర లాగా మడత నలగదు. గురువారానికల్లా చదివింది మర్చిపోతాడు మరి. సోమవారం మళ్లీ ‘అబేస్, అబాష్, అబేట్’.

మా గదిలోవాడూ అంతే. వాడి పుస్తకం సీనియర్ల నుంచి వారసత్వంగా వచ్చింది. వ్యతిరేకపదాల ప్రశ్నలు 2011లోనే పరీక్షలోంచి తీసేశారురా అంటే, “ఎందుకైనా మంచిది” అని అవీ బట్టీపట్టాడు.

నేర్చిన మాటని ఊరికే ఉంచడు. వాన తగ్గితే “అబేట్ అయింది” అంటాడు. ఓసారి ఆటో దగ్గర “చార్జీ కాస్త అబేట్ చెయ్యన్నా” అన్నాడు. “ఏ పేటైనా నూటయాభయ్యే” అన్నాడు ఆటో అన్న.

మాటలు గుర్తుంచుకోడానికి వాడి దగ్గర తెలుగు కిటుకులున్నాయి. ‘పెన్యూరీ’ అంటే కటిక పేదరికం: పెనం ఉంది, పిండి లేదు. ‘మొరోస్’ అంటే ముభావం: మోర వేలాడేసిన గేదె. ‘గ్యారులస్’ అంటే వాగుడుకాయ: నోట్లో గారె కుక్కినా ఆగనివాడు. కిటుకులు భేషుగ్గానే ఉన్నాయి. కానీ మాక్ టెస్టులో గ్యారులస్ కనపడగానే గారె గుర్తొచ్చింది, గారె వెంట అల్లప్పచ్చడి గుర్తొచ్చింది, అర్థం మాత్రం రాలేదు. ‘తిండిపోతు’ అన్న ఆప్షన్ నొక్కేసి వచ్చాడు.

కోచింగ్ సారు ఓదార్చాడు. ఎబింగ్‌హాస్ అనే జర్మనాయన అర్థంలేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడట. ఒక్క రోజులోనే చాలాభాగం జారిపోతుందట. అందుకే విరామాలిచ్చి మళ్లీ మళ్లీ చదవాలన్నాడు సారు. మావాడు అందులో విరామాలని గట్టిగా పట్టుకున్నాడు.

అన్నిట్లోకీ వాణ్ని ఏడిపించింది ‘అబ్‌స్కాండ్’. ‘అబ్బా, స్కాండలా!’ అని కిటుకు కట్టుకుని, ప్రతిసారీ కుంభకోణం దగ్గరే ఆగిపోయేవాడు.

మొన్న రాత్రి మెస్‌లో ఆంటీ సాంబారు పోస్తూ అంది:

“మీ గదిలో మూడో అబ్బాయి రెండు నెలల బాకీ ఎగ్గొట్టి అబ్‌స్కాండ్ అయ్యాడు, చూశావా బాబూ?”

వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఆంటీ... ఆ మాట మీకెలా తెలుసు?”

“స్టేషన్‌కి పోతే కానిస్టేబుల్ అన్నాడు.”

“ఒక్కసారి వింటేనే గుర్తుండిపోయిందా?”

ఆంటీ గరిటె గిన్నెలో పడేసింది.

“ఆరువేలయ్యా బాబూ! ఎలా మర్చిపోతాను?”