మూడు ముళ్ళ కొంకి

మూడు ముళ్ళు అనగానే మీకు తాళి గుర్తొస్తుంది. నావి ఆ ముళ్ళు కావు, గుచ్చుకునేవి. నేను కొంకిని. ఉడుకుతున్న కుండలో దించి మాంసం ముక్కను పైకి లాగే పనిముట్టుని. మొదటి సమూయేలు గ్రంథం రెండో అధ్యాయంలో నా ఊసు వస్తుంది. అదీ మంచి సందర్భంలో కాదు, దోపిడీకి సాక్ష్యంగా.

నన్నెలా చేశారో చెప్పి విసిగించను. తెలుగు బైబిల్ మా లోహాన్ని ఇత్తడి అంటుంది, నిజానికది కంచు. వంశం మాత్రం గొప్పదే. నిర్గమకాండంలో బలిపీఠం సామాన్ల జాబితా చూడండి: బూడిద ఎత్తే కుండలు, గరిటెలు, గిన్నెలు, అగ్నిపాత్రలు, వాటి సరసన మేము. పీఠం మీద కాలే ముక్కల్ని సర్దడం మావాళ్ళ పని. ఆ పని చేసిన చేతులు పరిశుభ్రంగా కడుక్కున్న చేతులు.

నా కాపురం షిలోహులో. యెరూషలేముకు ఉత్తరాన 30 కిలోమీటర్ల దూరంలో, ఎఫ్రాయీము కొండల్లో. ఇశ్రాయేలుకు ఇంకా రాజు లేని రోజులు. దేవుణ్ణి ఆరాధించే ప్రత్యక్ష గుడారం అక్కడ, యాజకులు అక్కడ. మరి ఆ యాజకులకు తిండెక్కడిది? కనానును గోత్రాలకు పంచినప్పుడు లేవీ గోత్రానికి చేను రాలేదు. 48 ఊళ్ళు, వాటి చుట్టూ పశువుల మేతకు కాస్త భూమి ఇచ్చారు. అందులో 13 ఊళ్ళు యాజకులైన అహరోను సంతానానివి. నేనే మీ స్వాస్థ్యం అన్నాడు దేవుడు. మాట గొప్పదే. కానీ పొద్దున లేస్తే పిల్లలకు రొట్టె కావాలి కదా. దానికీ ఏర్పాటుంది. నూరు కుంచాల గోధుమలు పండితే పది లేవీయులకు, ఆ పదిలో ఒకటి యాజకుడికి. తొలి పంట, తొలిసారి కత్తిరించిన గొర్రె బొచ్చు, దహనబలి పశువు చర్మం కూడా యాజకుడివే. విశ్రాంతి దినానికోసారి సన్నిధి బల్ల మీద మార్చే 12 రొట్టెలు కూడా. భర్త చనిపోయో, విడిచిపెట్టో, బిడ్డలు లేక పుట్టింటికి తిరిగొచ్చిన యాజకుడి కూతురు మళ్ళీ తండ్రి కంచంలోనే తినొచ్చని కూడా రాసి ఉంది. అంత దూరం ఆలోచించిన ఏర్పాటు అది.

నేను ఎప్పటికీ మరచిపోనిది సమాధాన బలి. అర్పించేవాడు కొవ్వునూ బోరనూ తన చేతులతోనే తెచ్చేవాడు. ముందు కొవ్వు పీఠం మీద కాలాలి, అది దేవుడిది. అల్లాడించిన బోర, కుడి జబ్బ యాజకుడివి. మిగతాది వండుకొని ఇంటిల్లిపాదీ అక్కడే తినాలి. ఒకే విందు, మూడు వంతులు. అందులో నాకేం పని ఉందో చూడండి. ఏమీ లేదు. యాజకుడి వంతు కుండలోంచి దొరకబుచ్చుకునేది కాదు, ఇచ్చేవాడి చేతిలోంచి వచ్చేది.

షిలోహు యాజకుడు ఏలీ కొడుకులు, తామూ యాజకులే అయిన హొఫ్నీ, ఫీనెహాసులకు అది చాలలేదు. ఏదో ఒక కుటుంబం మాంసం ఉడకబెట్టుకుంటూ ఉంటుంది. వాళ్ళ నౌకరు నన్ను పట్టుకొని వస్తాడు. బానైనా, తపేలా అయినా, కుండైనా సరే, గుచ్చడమే. పైకి ఏది వస్తే అది యాజకుడిది. మూడు ముళ్ళున్నందుకు మొదటిసారి సిగ్గుపడ్డాను. ఒక్క ముల్లైతే కాస్త తక్కువ వచ్చేదేమో! ఎల్కానా అనే ఆయన ఏటా రామా నుంచి వచ్చేవాడు. బిడ్డలు లేని భార్య హన్నాకు ప్రేమకొద్దీ రెండు పాళ్ళు వడ్డించేవాడు. అలాంటి ఇంటి కుండలో నేను దిగితే, పైకి తెచ్చిన ముక్క ఎవరి పాలిట పోయినట్టు?

తర్వాత ఆ గుచ్చడం కూడా పోయింది. ఉడికింది వద్దు, కాల్చుకోవడానికి పచ్చిదే కావాలన్నారు. అదీ కొవ్వు కాలకముందే. ముందు దేవుడి వంతు కానివ్వండి, ఆ తర్వాత మీకిష్టమైనంత తీసుకోండి అని అర్పించేవాడు బతిమాలాడు. ధర్మశాస్త్రం యాజకుడి కంటే ఆ పల్లెటూరివాడికే బాగా తెలుసు. ఇప్పుడే ఇవ్వు, లేకపోతే బలవంతంగా లాక్కుంటాం అన్నది జవాబు. నేను మూలన పడ్డాను. దోపిడీకి కూడా అక్కరకు రానిదాన్నయ్యాను. నా పక్కనుంచి నార ఏఫోదు కట్టుకున్న చిన్న సమూయేలు తిరుగుతూ ఉండేవాడు. ఆ హన్నా తర్వాత కని, గుడారం సేవకు ఇచ్చిన కొడుకే. ఆ తల్లి ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. షిలోహులో అప్పటికీ ఎవరూ లాక్కోకుండా చేరుతున్న కానుక నాకు తెలిసి అదొక్కటే.

ఏలీ కొడుకుల్ని మందలించాడు. వాళ్ళు తెచ్చిన కంచం మాత్రం పక్కకు నెట్టలేదు. ఫిలిష్తీయులతో యుద్ధంలో ఇశ్రాయేలు కాల్బలం 30,000 మంది కూలారు, దేవుని మందసం శత్రువుల చేతికి పోయింది, కొడుకులిద్దరూ ఒకే రోజు చచ్చారు. వార్త విని 98 ఏళ్ల ఏలీ కూర్చున్న ఆసనం మీంచి వెనక్కి పడి, మెడ విరిగి పోయాడు.

షిలోహు కాలిపోయింది. ఎవరు తగలబెట్టారో గ్రంథం చెప్పలేదు. బూడిద ఎత్తే కుండల తోబుట్టువుని నేను. నా మీద పడిన బూడిదను ఎత్తేవాడే లేకపోయాడు. ఇటుకలు కూలాయి, పైన మన్ను పేరుకుంది, ఆ మన్ను మీద మేకలు మేశాయి. తర్వాతి కాలంలో యిర్మీయా ప్రవక్త యెరూషలేము జనాన్ని, షిలోహుకు వెళ్ళి చూసి రండి, దేవుడు దాన్నేం చేశాడో అన్నాడు. ఎవరైనా వచ్చారో లేదో, నా దాకా మాత్రం రాలేదు. 1926లో డెన్మార్క్ వాళ్ళు పారలు పట్టుకొచ్చారు. 1981 నుంచి 1984 వరకు ఇశ్రాయేల్ ఫింకెల్‌స్టయిన్ బృందం తవ్వింది. కాలిన గదులు దొరికాయి, పెద్ద పెద్ద ధాన్యం జాడీలు దొరికాయి, అది క్రీస్తుపూర్వం 11వ శతాబ్దం నాటి మంట అన్నారు. నేను దొరకలేదు.

ఏలీ వంశంలో అబ్యాతారు అనే ఆయన దావీదు దగ్గర యాజకుడయ్యాడు. సొలొమోను ఆయన్ని పదవి నుంచి దించి, అనాతోతులోని నీ పొలానికి పో అన్నాడు. అహరోను సంతానానికిచ్చిన ఆ 13 ఊళ్ళలో అనాతోతు ఒకటి.

రేపెప్పుడైనా మీ పార నాకు తగిలితే కాస్త మెల్లగా తీయండి. చీటీ మీద వంటసామాను అని మాత్రం రాయకండి. బలిపీఠం సామాను అని రాయండి.