భుజం మీంచి కాలికి జారిన తూటా

సైకిల్ మీంచి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్న వేసవి సెలవుల్లో నాకు దక్కిన భాగ్యం మధుబాబు షాడో నవలలు. అద్దె షాపులో సగం పుస్తకాలకి ఆఖరి పేజీలు ఉండేవి కావు. షాడో ఎలా తప్పించుకున్నాడో మేమే ఊహించుకుని మర్నాడు ఇంకో నవల మొదలెట్టేవాళ్ళం. ఆయన వయసెంతని గానీ, కిందటి పుస్తకంలో తగిలిన దెబ్బ ఇందులో మానిందా అని గానీ అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. అంత అజ్ఞానులం.

జ్ఞానమంటే ఏమిటో షెర్లాక్ హోమ్స్ భక్తుల్ని చూశాక తెలిసింది.

1887లో వచ్చిన మొదటి హోమ్స్ నవల్లో డాక్టర్ వాట్సన్‌కి మైవాండ్ యుద్ధంలో భుజానికి తూటా తగిలింది. 1890 నాటి రెండో నవలకి వచ్చేసరికి ఆ తూటా కాల్లోకి దిగిపోయింది. వాతావరణం మారితే కాలు సలుపుతోందని ఆయనే వాపోయాడు. ఆ తర్వాత ఒక కథలో, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడో ఏమో, కాలో చెయ్యో చెప్పకుండా దాటేశాడు.

మామూలు పాఠకుడైతే ‘కానన్ డాయిల్ మర్చిపోయాడు’ అని పేజీ తిప్పుతాడు. పండితుడి నోట ఆ మాట చస్తే రాదు. రెండు తూటాలన్నారు కొందరు. కాదు, ఒక్కటే, వాట్సన్ వంగి ఉండగా భుజంలోంచి దూరి కాల్లో తేలిందన్నారు ఇంకొందరు. డాక్టరన్నాక రోగి మీదికి వంగడా మరి! 2010లో బీబీసీ సీరియల్ తీసినవాళ్ళు అందరికంటే గడుసు: గాయం భుజానికే, కుంటు మాత్రం మనసుదని తేల్చేశారు. బ్రహ్మసూత్రాల సమన్వయానికి మన భాష్యకారులు పడ్డ పాట్లన్నీ వీళ్ళు ఒక్క తూటాకి పడ్డారు.

తర్వాత పేరు. ఆయన జాన్ హెచ్. వాట్సన్. 1891 నాటి ఒక కథలో సొంత పెళ్ళామే ‘జేమ్స్’ అని పిలిచింది. మన వీధిలో ఏ ఇల్లాలైనా మొగుణ్ణి ఇంకొకడి పేరు పెట్టి పిలిస్తే సమన్వయం పెద్దమనుషుల సమక్షంలో జరుగుతుంది. ఇక్కడ డొరోతీ సేయర్స్ అడ్డం పడింది. ఆవిడా పేరున్న డిటెక్టివ్ నవలా రచయిత్రే. ‘హెచ్’ అంటే హేమిష్, స్కాట్లండ్ వాళ్ళ హేమిష్ అంటే జేమ్సే, కాబట్టి ముద్దుగా అలా పిలిచిందని తీర్పు చెప్పింది. కాపురం నిలబడింది.

తమాషా ఏమిటంటే, ఈ విద్యకి ఆద్యుడైన రోనాల్డ్ నాక్స్ 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో తన వ్యాసం చదివింది వేళాకోళానికి. బైబిల్‌ని ముక్కలు ముక్కలుగా కోసే పండితుల్ని వెక్కిరించాడాయన. శిష్యులు ఆ వెక్కిరింతనే శాస్త్రంగా పుచ్చుకున్నారు. డాయిల్‌కి మాత్రం ఇలాంటి బెంగ లేదు. మీరు రాసినచోట రెండో రైలు పట్టాల వరస లేదండీ అని ఒక సంపాదకుడు కంగారుపడితే, నేను వేశాను కదా అన్నాడట. రైల్వే శాఖ కూడా అంత త్వరగా వెయ్యలేదు.

జేమ్స్ బాండ్ కథ ఇంకా ముచ్చట. 1953లో వచ్చిన మొదటి నవల్లో, బాండ్ తన బెంట్లీ కారుని దాదాపు కొత్తగా ఉండగా 1933లో కొన్నాడని రాశాడు ఇయాన్ ఫ్లెమింగ్. 1964 నాటి నవల్లో, బాండ్ పోయాడనుకుని పేపర్లో వేసిన సంతాపవార్త ఉంది. పదకొండో ఏట అమ్మానాన్నా పర్వతారోహణలో పోయారు, పదిహేడో ఏట బడి వదిలాడు, 1941లో పంతొమ్మిదేళ్ళని బొంకి కొలువులో చేరాడు అని అందులో వివరం. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. బెంట్లీ కొన్ననాటికి పిల్లాడికి తొమ్మిదేళ్ళు! బ్రేకు మీదికి కాలైనా అందిందో లేదో. 1973లో జాన్ పియర్సన్ బాండ్ ‘జీవిత చరిత్ర’ రాసి, పుట్టిన సంవత్సరాన్ని 1920కి లాక్కెళ్ళాడు. ఇంత పరిశోధనా చేస్తే కుర్రాడి వయసు పన్నెండో పదమూడో అయింది. లైసెన్సు ఇంకా రాలేదు.

అగాథా క్రిస్టీ నయం. పోలీసు ఉద్యోగంలోంచి రిటైరైన పెద్దమనిషిగా పొయిరోని 1920లో దింపింది. 1975 దాకా ఆయన చేత హంతకుల్ని పట్టిస్తూనే ఉంది. ముసలాడిగా మొదలెట్టడం నా పొరపాటే అని తనే ఒప్పేసుకుంది. సమన్వయకర్తల కడుపు కొట్టింది పాపం.

ఇప్పుడు థ్రిల్లర్ సీరీస్ రాసేవాళ్ళకి ‘సీరీస్ బైబిల్’ అని ఒక చిట్టా కావాలట. హీరో కళ్ళ రంగు, మచ్చలు, మాజీ భార్యలు, కుక్క పేరు అన్నీ అందులో ఎక్కించాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఇంతకంటే ఉత్కంఠగా ఉంటుంది.

ఆ వేసవి ఆఖర్న, నా కాలి కట్టు విప్పిన రోజున, కుంటుకుంటూ అద్దె షాపుకెళ్ళి బాకీ అంతా తీర్చేశాను. దీని సమన్వయం పండితులకే వదిలేస్తున్నాను.