యుద్ధం పెట్టిన చిల్లు

నన్ను మొలతాడుకి కట్టుకుని తిరిగిన పిల్లలకి ఇప్పుడు ఎనభై దాటాయి. వాళ్లకి తప్ప మిగతావాళ్లకి నేనెవరినో చెప్పుకోక తప్పదు. నేను చిల్లుకాణీని. అణాలో నాలుగో వంతు, రూపాయిలో అరవైనాలుగో వంతు. ఒంటి మీద కిరీటం బొమ్మ, 1943 అన్న అంకె, నట్టనడుమ పెద్ద కన్నం. పుట్టింది బొంబాయి టంకశాలలో. ఖజానా సంచిలో రాజమండ్రి స్టేషన్లో దిగిన దగ్గర్నుంచి నా బతుకంతా గోదావరి జిల్లాల్లోనే.

నాకంటే ముందు చెలామణిలో ఉన్న కాణీ నిండుగా ఉండేది. దాని తూకం 75 గ్రెయిన్లు. నాది 30. ఇద్దరి విలువా ఒకటే, నా ఒంట్లో లోహం మాత్రం సగం కూడా లేదు. ఈ కన్నం నాకు సోకు కోసం పెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాగి అంతా తూటాలకీ ఫిరంగి గుండ్ల తొడుగులకీ కావలసి వచ్చింది. నా నడుములోంచి తీసి మిగుల్చుకున్నారు. నన్ను ఒక్కణ్నే ఇలా చేశారనుకోకండి. 1940లోనే రూపాయిలో వెండిని పదకొండు పన్నెండో వంతుల నుంచి సగానికి దించేశారు. ఆ ఏడాదే కాగితం రూపాయి కూడా దిగింది. పెద్దాయన బరువు ముందు తగ్గింది, చిన్నవాణ్ని నాది తరవాత తగ్గింది.

నన్ను అంత హడావిడిగా ఎందుకు కొట్టారో రాజమండ్రి బజారుకి వచ్చాక తెలిసింది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు పడిపోయింది, మార్చిలో రంగూను పడిపోయింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. తెల్లవాడు ఉంటాడో పోతాడో తెలియని రోజుల్లో కాగితాన్ని ఎవరు నమ్ముతారు? జనం నాణేలు మూటగట్టి పాతిపెట్టుకున్నారు. కొందరు రాగి కోసం కరిగించుకున్నారు. కొట్టువాడి దగ్గర చిల్లర లేదు. పోస్టల్ స్టాంపులిచ్చేవాడు, లేకపోతే చీటీ రాసి ఇచ్చి రేపు రమ్మనేవాడు. అవసరానికి మించి చిల్లర దాచుకోవడం నేరమని సర్కారు చట్టం తెచ్చింది. చట్టంతో చిల్లర బయటికి రాలేదు. అప్పుడు నన్ను కొట్టారు, కరిగించినా గిట్టుబాటు కాకుండా.

ఇంత పల్చటి నాణెం ఈ జిల్లాల్లో చేసిన ప్రయాణం చెబితే, దూరాన జరిగే యుద్ధం దగ్గరివాళ్ల బతుకుల్లోకి ఎట్లా దూరుతుందో తెలుస్తుంది.

ముందు బర్మా సంగతి. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి తరతరాలుగా మనవాళ్లు రంగూను వెళ్లేవారు. అక్కడ రేవులో బస్తాలు మోసిందీ, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చిందీ చాలావరకు తెలుగు కూలీలే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే. జపాను వాళ్లు రాగానే లక్షల మంది భారతీయులు అరకాను కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా నడిచి వచ్చారు. దారిలో జ్వరాలకీ ఆకలికీ వేలమంది రాలిపోయారు. మిగిలినవాళ్లు ఒంటి మీద గుడ్డతో ఇళ్లకి చేరారు. అన్నాళ్లూ నెలనెలా మనియార్డరు పంపిన చేతులు ఇప్పుడు అన్నం కోసం చాచాల్సి వచ్చింది.

వాళ్లతో పాటు రావలసింది రాలేదు. అది బియ్యం. బర్మా నుంచి ఈ దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. మలబారు, తిరువాన్కూరు, సింహళం ఆ బియ్యం మీదే బతికేవి. ఆ ఓడలు ఒక్కసారిగా ఆగాయి. అప్పుడు అందరి కళ్లూ కాటన్ ఆనకట్ట కింద పండే పొలాల మీద పడ్డాయి. బెంగాలులో 1943 కరువుకి ఇరవై నుంచి ముప్పై లక్షల మంది పోయారని అంచనాలు. మన డెల్టాలో అలాంటి చావులు లేవు. గింజ పండేది ఇక్కడే కాబట్టి. అయితే గింజ పండిన చోట అందరికీ గింజ అందిందా అంటే, అక్కడే నా కథ మొదలవుతుంది.

అత్తిలి దగ్గర ఒక ఊళ్లో నాట్లు అయిపోయిన సాయంత్రం. రైతు అరుగు మీద కూర్చుని కూలి పంచుతున్నాడు. ఎప్పుడూ కుంచంతో గింజలు కొలిచేవాడు ఆ ఏడు డబ్బు సంచి తెచ్చాడు. వరసలో ముందున్న ఆవిడ చేతిలో నేనూ, నాలాంటివి మరికొన్నీ పడ్డాం. ఆవిడ నన్ను రెండు వేళ్లతో ఎత్తి, కన్నంలోంచి చూసింది.

"బాబుగారండీ, ఈ కన్నం డబ్బులు మాకెందుకండీ? ఎప్పట్లాగే గింజలు కొలిపించండి."

"గింజలెక్కడున్నాయే? సర్కారోళ్లు కొలుచుకుపోతున్నారు గదా. డబ్బు పుచ్చుకో, కావాలంటే రెండు కాణీలు ఎక్కువిస్తాను."

రెండు కాణీలు ఎక్కువే ఇచ్చాడు, మాట తప్పలేదు. ఆవిడ నన్ను కొంగున ముడేసుకుని కొట్టుకి వెళ్లింది. కిందటి వారం ధరకి లెక్క కట్టుకుని వెళ్లింది పాపం. కొట్టాయన తలెత్తకుండానే "ఆ ధర పోయిందమ్మా" అన్నాడు. రెండు కాణీలు ఎక్కువ తెచ్చిన మనిషి తవ్వెడు తక్కువ బియ్యంతో ఇంటికి వెళ్లింది. కిరసనాయిలు కూపనుంది గాని సరుకు లేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో దీపం పెట్టలేదు.

ధర ఎందుకు పరుగెత్తిందో డబ్బు జాతివాణ్ని గనక నాకు తెలుసు. సైన్యానికి ఇక్కడ కావలసిన గుడ్డ, తిండి, సిమెంటు, కలప అన్నీ ఇక్కడే కొన్నారు. బ్రిటన్ కోసం పెట్టిన ఖర్చు బ్రిటనే ఇచ్చింది, అయితే మన చేతికి కాదు. లండనులో మన పేర పౌన్లు జమ రాసుకుని, ఆ జమ చూపించి ఇక్కడ నోట్లు అచ్చేశారు. 1939లో దేశంలో 200 కోట్ల రూపాయల లోపే ఉన్న నోట్లు, 1945 చివరికి 1100 కోట్లు దాటాయి. సరుకు పెరగలేదు, నోటు పెరిగింది. ఎవరూ పన్ను వెయ్యలేదు, తహసిల్దారు జప్తుకి రాలేదు. అయినా కూలికి వెళ్లే ప్రతి ఇంటి నుంచీ పన్ను వసూలైపోయింది. నా ఒంట్లో లేని 45 గ్రెయిన్లు అందరికీ కనిపించాయి. ఆవిడ తెచ్చుకున్న బియ్యంలో తగ్గిన తవ్వెడు ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

అందరూ నష్టపోయారంటే అబద్ధమవుతుంది. 1930 తరవాతి మాంద్యంలో ధాన్యం ధర సగానికి పడిపోయి రైతులు షావుకార్ల దగ్గర పొలాలు తాకట్టు పెట్టుకున్నారు. యుద్ధంలో ధాన్యం ధర లేచేసరికి, రూపాయల్లో రాసుకున్న ఆ అప్పు తేలికైంది. సర్కారు శిస్తు కూడా రూపాయల్లోనే, అది పెరగలేదు. సొంత పొలం, సొంత గాదె ఉన్నవాడు నోటు తీర్చేసి పత్రం చింపేశాడు. కొందరు పక్క చెక్క కూడా కొన్నారు. మిల్లులవాళ్లలో నల్లబజారు తెలిసినవాళ్లు మేడలు కట్టారు. ఇక మక్తాకి చేసిన కౌలురైతు పండిన గింజల్లో సింహభాగం భూస్వామికే కొలవాలి, ధర పెరిగితే వాడికి ఒరిగిందేముంది? కాబట్టి ఒకే కాలవ నీళ్లు తాగే ఊళ్లో యుద్ధం కొందరిని లేపింది, కొందరిని దించింది. చేతిలో సరుకుందా, ఒళ్లే ఉందా అన్నదే తేడా.

రాజకీయం కూడా అలాగే చీలింది. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో ఇక్కడ ఎవర్నీ అడక్కుండా దేశాన్ని యుద్ధంలోకి దించాడు. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరులో రాజీనామా చేసింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా వచ్చింది. కోనసీమవాడైన కళా వెంకటరావు పేరుతో ముడిపడ్డ ఉద్యమ సర్క్యులర్ ఊరూరా చేరింది. భీమవరంలో కాల్పులు జరిగాయి. రాజమండ్రి సెంట్రల్ జైలు నిండిపోయింది. అదే ఏడు జూలైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తీసేశారు. రష్యా మీద హిట్లరు పడ్డాక వాళ్లకిది ప్రజాయుద్ధమైంది. నేను ఒక ఇంట్లో చూశాను: పెద్దకొడుకు జైల్లో, చిన్నకొడుకు ఎర్రజెండా పట్టుకుని దాచిన ధాన్యం బయట పెట్టించే దళంలో, తండ్రి రాత్రిపూట పడవకి బస్తాలెక్కిస్తూ. ముగ్గురూ ఒకే పీట వరసలో కూర్చుని తినలేని పరిస్థితి. అది తిండి మీద కోపం కాదు, ఆ గింజ ఎవరిదన్న తగువు.

ఆ తగువు తీర్చడానికి సర్కారు కొత్త చేతులు పెంచుకుంది. ధాన్యం ఎంత పండిందో, ఇంటికి ఎంత ఉంచుకోవాలో, ఎంత అప్పజెప్పాలో కరణం రాసుకున్నాడు. జిల్లా దాటాలంటే పర్మిటు. బియ్యానికి కార్డు, పంచదారకి కార్డు. ఈ పద్ధతి లేకపోతే మలబారులో ఇంకా ఎందరు పోయేవారో, అది ఒప్పుకోవాలి. అయితే పర్మిటు రాసే కలానికి కూడా ధర పుట్టింది. ఆ ధరలో భాగంగా నేనూ ఒకటి రెండుసార్లు బల్ల కిందుగా చేతులు మారాను. ఎవరి చేతులో చెప్పను.

1945లో యుద్ధం ఆగింది. దాని లెక్కలు ఆగలేదు. 1946 జనవరిలో ఐదువందలు, వెయ్యి, పదివేల నోట్లు రద్దు చేశారు, నల్లబజారు సొమ్ము పట్టుకోవాలని. మా కులంలో పెద్దవాళ్లంతా ఆ రాత్రి కాగితాలైపోయారు. నా జోలికి ఎవరూ రాలేదు. నన్ను దాచుకుని ధనవంతుడైనవాడు లేడు గదా! గెలిచిన దొరగారి సంగతి ఇంకో విడ్డూరం: మనకే 130 కోట్ల పౌన్ల దాకా బాకీపడ్డాడు. అప్పులవాడు దొరతనం ఎన్నాళ్లు చేస్తాడు? వెళ్లిపోయాడు. అతను తెచ్చిన కంట్రోళ్లు మాత్రం వెళ్లలేదు. 1947 డిసెంబరులో ఎత్తేశారు, మరుసటి ఏడే మళ్లీ తెచ్చారు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ బియ్యం కంట్రోలు తీసేసేటప్పటికి 1952 వచ్చింది, యుద్ధం ముగిసిన ఏడేళ్లకి. నాటి అధికారాలే 1946 చట్టంగా, తరవాత 1955 నిత్యావసర సరుకుల చట్టంగా మారాయి. ఈనాడు కాకినాడ దారిలో రేషను బియ్యం లారీ పట్టుకుని ఆ చట్టం కింద ఆరు-ఏ కేసు రాస్తున్నారంటే, ఆ కాగితం తాత యుద్ధకాలంలోనే పుట్టాడు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, ఆ తరవాత మెల్లగా నా ఉద్యోగం ఊడింది. అప్పటికే నాకు వేరే పని దొరికింది. నడుమ కన్నముంది గనక వడ్రంగులు మేకు కింద వాషరుగా వేసేవారు. నేను కాలవ పడవ చెక్కకి చాన్నాళ్లు కాపలా కాశాను. నాణెంగా కంటే వాషరుగానే నా విలువ నిలకడగా ఉంది.

ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఇంట్లో ఓ రేకు డబ్బాలో ఉంటున్నాను. మాటలన్నీ వినిపిస్తాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లింది. సన్‌ఫ్లవర్ నూనెలో చాలాభాగం మనకి ఆ రెండు దేశాల నుంచే కాకినాడ లాంటి రేవులకి రావాలి. నెల తిరక్కుండా ప్యాకెట్టు ధర చూసి వంటింట్లో గొడవ. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాయి. కంటైనర్లు ఆఫ్రికా చుట్టి తిరిగాయి, కిరాయిలు లేచాయి. ఎగుమతిదారు తన కిరాయిని, కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన ఇచ్చే కౌంటు ధరలో కోసుకుంటానంటాడు, రైతు మేత బాకీ చూపిస్తాడు. ఇద్దరికీ వాదించుకోవడానికి ఒకరున్నారు. చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవాడి జీతం గురించి ఆ సంభాషణలో ఎవరూ ఎత్తరు. అతనిది నెలకింత అని మాట్లాడుకున్న జీతం. నూనె ప్యాకెట్టుకి ఆ మాట తెలియదు.

యుద్ధం నాలుగు రోజుల్లో ముగిస్తే దాని ఖర్చు దాన్ని చేసినవాళ్ల మీద పడుతుంది. ఏళ్ల తరబడి సాగితే అది చేతులు మారుతుంది. సరుకున్నవాడు కొన్నవాడి మీదకి నెడతాడు, అతను ఇంకొకడి మీదకి. నెట్టడానికి కింద ఎవరూ లేనివాడి దగ్గర అది ఆగుతుంది. అందుకని ఏ యుద్ధంలో ఎవరు గెలిచారని నన్ను అడగొద్దు. ధరలతో పాటు పెరగని జీతం ఎవరిదో అడగండి, బిల్లు ఎవరు కట్టారో చెబుతాను. అత్తిలి దగ్గర ఆవిడకి ఇదంతా అప్పుడే తెలుసు. డబ్బు వద్దండీ, గింజలే కొలవండి అని ఆవిడ అడిగింది చాదస్తం కొద్దీ కాదు. దాన్నే ఇప్పుడు కరువు భత్యమని పేరు పెట్టి సర్కారు ఆఫీసుల్లో జీతంతో పాటు ఇస్తున్నారు, ధరల్ని బట్టి సవరిస్తున్నారు. గట్టు మీదవాడికి అది ఇంకా రాలేదు.