యాక్సెసిబిలిటీకి ఇరవై నిమిషాలు

ఓపెన్ సోర్స్ సమావేశాలలో, అంటే మూల కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవారి సభలలో, కొన్నేళ్లుగా ఒక ఆచారం స్థిరపడింది. దాని ప్రకారం కార్యక్రమ పత్రంలో ఎక్కడో ఒకచోట యాక్సెసిబిలిటీపై, అంటే చూపు, వినికిడి, చేతి కదలిక వంటి వాటిలో లోపం ఉన్నవారు కూడా ఇతరులతో సమానంగా వాడుకోగలిగేలా ప్రోగ్రామును మలచడంపై, ఒక ప్రసంగం ఉండి తీరాలి. సాధారణంగా అది భోజనానంతరం, చిన్న హాలులో, ఇరవై నిమిషాల పాటు జరుగుతుంది. దానివల్ల లభించే పుణ్యం ఏడాదిపాటు చెల్లుతుందనీ, ఆ గడువులోపల ప్రోగ్రాములోని ఒక్క బటన్‌కైనా చదివి వినిపించగల పేరు తగిలించనవసరం లేదనీ నిర్వాహకులలో గట్టి నమ్మకం కనిపిస్తుంది.

ప్రసంగం కూడా శాస్త్రోక్తంగానే సాగుతుంది. చర్చించవలసింది కీబోర్డు, తెర, ధ్వని అయినప్పటికీ మొదటి స్లైడులో చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది. రెండో స్లైడులో ప్రపంచంలో దాదాపు 130 కోట్లమందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ఉంటుంది. అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్న అంతర్జాతీయ మార్గదర్శక నియమం మూడో స్లైడులో, తెల్లని నేపథ్యంపై లేత బూడిద రంగు అక్షరాలలో, దర్శనమిస్తుంది. వక్తల దరఖాస్తు చివర, దరఖాస్తుదారు యంత్రం కాదని రుజువు చేసుకోవడానికి ట్రాఫిక్ లైట్లున్న గడులన్నీ నొక్కమనే బొమ్మల పరీక్ష ఉంటుంది కనుక చూపులేనివారు గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు గాని, వారి బాధను వారి తరఫున చెప్పడానికి చూపున్నవారి కొరత ఎన్నడూ రాదు.

తెలుగు ఆహ్వాన పత్రం దగ్గర ఈ శ్రద్ధ పరాకాష్ఠకు చేరుతుంది. అన్ని లిపులకూ ఒకే సంఖ్యా పద్ధతిని ఏర్పరచిన యూనికోడ్ 1991లో తొలి కూర్పులోనే తెలుగుకు సొంత స్థానం ఇచ్చినా, డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్ల వంటి పాత పద్ధతి ఇంకా చెలామణిలోనే ఉంది. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చుతారు కాబట్టి, కంటికి తెలుగుగా కనిపించే వాక్యాన్ని స్క్రీన్ రీడర్, అనగా తెరమీది రాతను చదివి వినిపించే ప్రోగ్రాము, ఇంగ్లీషు అక్షరాలుగా, బ్రాకెట్లుగా, డాలరు గుర్తులుగా ఏకరువు పెడుతుంది. అందరికీ ఆహ్వానం అన్న పంక్తి ఆహ్వానితులలో ఎవరి చెవికి అత్యవసరమో, సరిగ్గా వారి చెవికే ఈ విధంగా చేరుతుంది. ఉక్కు కర్మాగారం పనికై వచ్చి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్, రిసాలిలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న చోట ఒకే ప్రకటనలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిసి ఉండవచ్చు. ఏ భాగం ఏ భాషో స్క్రీన్ రీడర్‌కు తెలిసేలా పేజీ కోడ్‌లో గుర్తు పెట్టడం చాలా చిన్న పని. చిన్న పని కావడమే దాని దురదృష్టం, ఎందుకంటే అంత చిన్న అంశానికి ప్రసంగ వేదిక దొరకదు.

ఫిర్యాదు చేసినవారికి వినిపించే సమాధానం మరీ ఉదాత్తమైనది: కోడ్ తెరిచే ఉంది, ఎవరైనా సరిచేసుకోవచ్చు. మెనూ వినబడని అంధుడు ఆ మెనూ ద్వారానే లోపలికి వెళ్లి మెనూను బాగుచేసుకోవాలన్నది దీని తాత్పర్యం. లైనక్స్‌లో వాడే ఓర్కా అనే స్క్రీన్ రీడర్ కథ ఈ సిద్ధాంతానికి తగిన వ్యాఖ్యానం. సన్ మైక్రోసిస్టమ్స్ జీతమిచ్చి నడిపించిన ఆ పని, 2010లో ఒరాకిల్ ఆ సంస్థను కొన్నాక ముఖ్యులైన ఉద్యోగులను కోల్పోయి, కొద్దిమంది భుజాలపై పడింది. కోడ్ మాత్రం అంతకుముందు ఎంత తెరిచి ఉందో తరువాతా అంతే తెరిచి ఉంది.

సరిచేసుకున్నవారు నిజంగానే ఉన్నారు, అయితే వారి చరిత్రలో ముందు వచ్చింది సభ కాదు, అవసరం. చిన్నప్పుడు అంధ బాలల సంగీత శిబిరంలో పరిచయమైన ఇద్దరు ఆస్ట్రేలియా యువకులలో ఒకరైన మైకేల్ కర్రన్, వాణిజ్య స్క్రీన్ రీడర్ల ధర భరించరానిదిగా ఉండటం చూసి, 2006లో ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌ను రాయడం మొదలుపెట్టారు, తరువాత రెండోవారైన జేమ్స్ టే చేయి కలిపారు. ఈనాడది ఈస్పీక్ అనే మరో ఓపెన్ సోర్స్ ధ్వని యంత్రం సాయంతో తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు ఇనుప రేకులా మోగుతుందన్న మాట నిజమే గాని, చదువుతుంది.

ప్రసంగానికీ పనికీ ఉన్న తేడాను రిసాలిలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయ్‌లో, 2018 అక్టోబరులో గ్యాస్ గొట్టం పేలి పదిమందికి పైగా మరణించిన కర్మాగారం పక్కన, పాడైన వాల్వు స్థానంలో ఏటా మార్చి 4న చేసే భద్రతా ప్రతిజ్ఞను బిగిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే, షిఫ్టు దిగివచ్చే కార్మికుడు దాన్ని హాస్యంగా కూడా తీసుకోడు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పేరులేని బటన్ స్థానంలో ప్రసంగాన్ని బిగించి, దాని వీడియోను క్యాప్షన్లు లేకుండా భద్రపరచడం రివాజు.

చట్టం కూడా చాలాకాలం ఈ మర్యాదనే పాటించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సౌలభ్యాన్ని హక్కుగా ప్రకటించగా, 2017 నియమాలు దాన్ని సలహాల స్థాయికి దించాయి. హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక సాయంతో, రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ నియమాలలో సౌలభ్యానికి సంబంధించినది చట్ట విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను విడదీసి చూపడానికి ప్రభుత్వానికి 3 నెలల గడువిచ్చింది. నిర్వాహకులకు ఇంతకంటే శుభవార్త ఉండదు: పాత స్లైడులలో చక్రాల కుర్చీ పక్కన ఇప్పుడు న్యాయస్థానం బొమ్మ కూడా పెట్టవచ్చు, ప్రసంగాన్ని ఇరవై నిమిషాల నుండి ఇరవై అయిదుకు పొడిగించవచ్చు. హాలు మాత్రం అదే, మేడ మీద.