లైటు వెలిగేదాకా ఆగుతారు

ఈ కాలం పిల్లలకు ఇంజన్ వేడెక్కిందన్న సంగతి కూడా ఇంజనే చెప్పాలి. మర్యాదగా చెబితే వినరు. ఎర్రలైటు వెలిగించి, కీచుకీచుమని అరిచి, ఆఖరికి ఊపు తగ్గించుకుని మొరాయిస్తే అప్పుడు దిగి చుట్టూ తిరిగి చూస్తారు. చూసి చేసేదేముంది, ఫొటో తీస్తారు.

మా మనవడూ వాడి దోస్తులూ వానాకాలం ఆదివారాల్లో సికింద్రాబాద్ నుంచి అనంతగిరి వైపు పోతుంటారు. వికారాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి దారుల్లో ఏటీవీ తోలడం ఇప్పటి సరదా. 2011 లో ఏటీవీలు చేసే పొలారిస్ వాళ్లు మన దేశానికి వచ్చినప్పుడు ఈ లావు టైర్ల బండిని ఎవరు కొంటారులే అనుకున్నాను. ఇప్పుడు రిసార్టు గేటు ముందు అవే కనిపిస్తున్నాయి. "కూలెంట్ చూసినవారా?" అంటే, "గవన్నీ స్క్రీన్ మీద చూపిస్తది తాతా, నువ్వు పరేషాన్ గాకు" అంటాడు. నాకేం పరేషాను, పైసలు వాళ్ల నాయనవి.

మా రోజుల్లో తిరుమలగిరి చుట్టుపక్కల బండి పని నేర్చుకున్నవాడికి పొద్దున లేవగానే బానెట్ ఎత్తడం అలవాటు. మిలిటరీ వాళ్లకు బండి పని నేర్పే ఈఎంఈ స్కూలు 1943 లో పుణె పక్కన మొదలై, 1953 లో మన తిరుమలగిరికి వచ్చింది. ఆ గాలి ఈ ఊరి మెకానిక్కులకు కొంత సోకింది. మిలిటరీ బండికి రోజుకు మూడు పరేడ్‌లు. బయలుదేరే ముందు ఫస్ట్ పరేడ్, దారిలో ఆగినప్పుడు హాల్ట్ పరేడ్, షెడ్డుకు చేరాక లాస్ట్ పరేడ్. నీళ్లు, ఆయిలు, ఫ్యాన్ బెల్టు, టైర్లు. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. అంతకన్నా వదులైతే ఫ్యానూ నీళ్ల పంపూ రెండూ బద్ధకిస్తాయి. దారిలో ఆగితే బండి కింద వంగి చుక్క పడిందా చూడాలి. ఆ తర్వాత రేడియేటర్ పై గొట్టానికి, కింది గొట్టానికి చెయ్యి దగ్గర పెట్టి చూడాలి. పైది కాలుతూ కిందిది కాస్త తగ్గి ఉంటే లోపల నీళ్లు తిరుగుతున్నట్టు. పైది కాలిపోతూ కిందిది చల్లగా ఉంటే ఎక్కడో అడ్డం పడ్డట్టు. ఇది తెలుసుకోవడానికి స్క్రీన్ అక్కర్లేదు, చర్మం ఉంటే చాలు.

అప్పటి జీపు డాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు ఫారన్‌హీట్‌లో తిరిగేది. 180 దగ్గర నిలబడితే సంతోషం. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక డ్రైవరు కన్ను ఒకటి రోడ్డు మీద, ఒకటి ముల్లు మీద. ఘాట్‌లో లారీలు బానెట్లు ఎత్తుకుని వరసగా నిలబడేవి. క్లీనరు రేడియేటర్ మూత మీద తడి గోనెపట్టా వేసి, కొంచెం తిప్పి, ఆవిరి పోయేదాకా మొహం పక్కకు పెట్టుకుని నిలబడేవాడు. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు పోసి ఊరు చేరేవాళ్లు. ఊరు చేరాక రాణీగంజ్‌లో రాగి, ఇత్తడి రేడియేటర్‌ను విప్పి, కోర్ కడిగి, టంకం పెట్టి ఇచ్చేవారు. ఇప్పుడు అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకు. పగిలితే టంకం పట్టదు, "మార్చాల్సిందే సార్" అంటాడు కుర్రాడు, తలెత్తకుండానే.

మా కాలమంతా బంగారమని అనను. ఎండాకాలం దేశానికి థర్మోస్టాట్ వాల్వ్ ఎందుకని చాలామంది మెకానిక్కులు దాన్ని పీకి పారేసేవారు. అది శుద్ధ తెలివితక్కువ పని. 82 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకునే ఆ మైనపు వాల్వ్ లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, సిలిండర్ తొందరగా అరుగుతుంది. పైగా బోరునీళ్లు పోసి రేడియేటర్ గొట్టాల నిండా సున్నం పేరబెట్టారు. కూలెంట్ విషయంలో ఈ కాలానికే నా ఓటు. మన సికింద్రాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 1.1 బార్ ఒత్తిడి పట్టే మూత ఉంటే ప్రెషర్ కుక్కర్‌లో లాగా అవే నీళ్లు 120 దాకా మరగవు. సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిస్తే ఇంకాస్త పైకి పోతుంది. కానీ మూత రబ్బరు వాషరు గట్టిపడితే ఈ లెక్కంతా ఆవిరే.

స్క్రీన్‌ను నమ్ముకున్నవాళ్లకు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. గొట్టం చిరిగి కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో వేలాడుతుంది, అంకె తగ్గుతుంది. పిల్లలు "చల్లబడింది" అని సంబరపడి గేరు వేస్తారు. హెడ్ వంగేది, గాస్కెట్ పోయేది సరిగ్గా అప్పుడే. ఎక్కుడు దారిలో అంకె ఉన్నట్టుండి పడిపోతే అది శుభవార్త కాదు, వెంటనే ఇంజన్ ఆపాలి. కూలెంట్ ఉండి వేడి ఒక్కటే పెరిగితే వేరే మందు. న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్‌ను తిరగనివ్వాలి, ఫ్యాన్ లాగేస్తుంది. టక్కున ఆపితే పంపు కూడా ఆగి, వేడి లోపలే ఉండిపోతుంది.

ఏటీవీకి ఇంకో పీడ, బురద. రేడియేటర్ ముందుంటుంది, బురదా ముందే తగులుతుంది. ఎర్రమట్టి రేకుల మధ్య చేరి ఎండిందంటే ఫ్యాన్ ఎంత మొత్తుకున్నా గాలి దూరదు. నెమ్మదిగా, మోకాలి లోతు బురదలో పోతుంటే ఎదురుగాలి కూడా ఉండదు. అలాంటి చోట లో గేరు వేయాలి, మధ్యమధ్య ఆగాలి. మావాడు ఊరికొచ్చి వాటర్ సర్వీసింగ్‌లో ఇచ్చి ముందువైపు నుంచి ప్రెషర్ గన్ పెట్టిస్తాడు. మట్టి ఇంకా లోపలికి దిగుతుంది, పల్చటి రేకులు పడుకుండిపోతాయి. బండి పైకి మాత్రం అద్దంలా మెరుస్తుంది, దాన్నే వాడు శుభ్రం అంటాడు. కావలసింది మామూలు గార్డెన్ పైపు, వెనక నుంచి ముందుకు, మెల్లగా.

వచ్చే ఆదివారం అనంతగిరి పోయేవాళ్లు కనీసం ఇంతమాత్రం చేయండి నాయనా. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి కూలెంట్ చూడండి, గొట్టాల క్లిప్పులు పట్టుకుని కదిపి చూడండి, రేకుల్లో మట్టి కడగండి. వేడి మీద మాత్రం ఎవడు చెప్పినా ఆ మూత ముట్టుకోకండి. మిగిలిన కూలెంట్ డబ్బాను కుక్కలకూ పిల్లలకూ అందకుండా పైన పెట్టండి, అది తియ్యగా ఉండే విషం.