ఎడమచేతి తెల్ల పట్టీ

నిన్న సాయంత్రం మా మనవడు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టాడు. "తాతయ్యా, ఇది చూడు." పైనుంచి డ్రోను తీసిన వీడియో. కందకంలో ఒక సిపాయి పడున్నాడు. కాలు కదలడం లేదు, తుపాకీ ఎక్కడో దూరంగా పడుంది. రెండు చేతులూ పైకెత్తి వద్దు వద్దన్నట్టు ఊపుతున్నాడు. దానికి వెనకాల డప్పుల పాటొకటి. ఆ తరవాతది చూడకుండా ఫోను బోర్లా పడేశాను. వాడు ఏ దేశంవాడురా అంటే మావాడికి తెలీదు. "ఎవడో ఒకడు తాతయ్యా, వీడియో అదిరింది కదా!"

నాకు ఒళ్లు మండింది.

మా రోజుల్లో నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుని. లక్నోలో ట్రైనింగు. స్ట్రెచర్ మోయడం నేర్పిన ఉస్తాదే జెనీవా ఒప్పందాలూ నేర్పాడు. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం, హిందీలో మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. దెబ్బ తిని పడినవాడు ఎవడైనా మన పేషెంటే. ముందు ఎవణ్ణి చూడాలో గాయాన్ని అడుగు, యూనిఫాంని అడక్కు. ఎడమచేతికున్న ఈ తెల్ల పట్టీ, దాని మీది ఎర్ర శిలువ, దీని పరువు తీశావో తోలు తీస్తా. 1949 నాటి నాలుగు ఒప్పందాల్లో మొదటిది చెప్పేదీ అదేనని పెన్షన్లోకి వచ్చాక చదివి తెలుసుకున్నాను. తోలు సంగతొక్కటే ఉస్తాద్ సొంతంగా కలిపింది.

ఇప్పుడా ఎర్ర శిలువ మందుల కొట్టు బోర్డు మీద, డాక్టరు గారి కారు అద్దం మీద, ఎక్కడ పడితే అక్కడ ఉంటోంది. అలా వాడకూడదని 1960లోనే మన దేశంలో చట్టం చేశారు. చెబితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు.

బ్యారక్‌లో ఒక సర్దార్జీ ఉండేవాడు. సోల్ఫెరీనో యుద్ధం, రెడ్‌క్రాస్‌కి పునాది వేసిన హెన్రీ డ్యూనాంట్, 1864లో మొదటి ఒప్పందం అంటూ ఉస్తాద్ మొదలుపెడితే అతను మీసం దువ్వుకునేవాడు. ఆనందపూర్ యుద్ధంలో సిక్కు సేవకుడు భాయీ కన్హయ్య గాయపడిన మొగలు సైనికులకి కూడా నీళ్లు పోశాట్ట. గురు గోవింద్ సింగ్ దగ్గరికి ఫిర్యాదు వెళ్తే, ఆయన కోప్పడకపోగా గాయాలకి పూయమని మలాము కూడా ఇచ్చి పంపాడట. "మీ డ్యూనాంట్ అప్పటికింకా పుట్టలేదు ఉస్తాద్" అనేవాడు.

పాఠం వేరు, పని వేరు. 1971 డిసెంబరు, తూర్పు సరిహద్దు. రాత్రిపూట టెంట్లో లాంతరు వెలుగు. కడుపులో గుండు దిగిన పాకిస్తాన్ సిపాయిని తెచ్చి పడుకోబెట్టారు. గడ్డం కూడా సరిగా రాని కుర్రాడు. "పానీ, పానీ" అంటున్నాడు. ఆ పొద్దున్నే మా అంబులెన్స్ డ్రైవరు పోయాడు. నేను "నహీ" అని మొహం తిప్పుకున్నాను. కడుపు గాయానికి నీళ్లు పట్టకూడదు, కాబట్టి పుస్తకం ప్రకారం నేను చేసింది ఒప్పే. కానీ నేను ఇవ్వనిది అందుకు కాదు. అది మా కెప్టెన్ డాక్టరుకీ తెలుసు. ఆయనే దూది తడిపి ఆ కుర్రాడి పెదాలకి అద్దాడు. నా వైపు తిరక్కుండానే, "పనిచెయ్యి, లేదా ఆ పట్టీ విప్పి అవతల పెట్టు" అన్నాడు. తెల్లవార్లూ దూది తడిపింది నేనే.

అదే యుద్ధంలో మన గూర్ఖా రెజిమెంటు మేజర్ ఇయాన్ కార్డోజో మందుపాతర మీద కాలేసి, నుజ్జయిన కాలుని తన కుక్రీతోనే తెగ్గొట్టుకున్నాడు. తరవాత ఆయనకి ఆపరేషన్ చేసింది ఎవరనుకున్నారు? మనకి పట్టుబడిన పాకిస్తాన్ సర్జన్, మేజర్ మహమ్మద్ బషీర్.

మా కాలంలో అంతా ధర్మరాజులే అని నేననను. నా సంగతి ఇప్పుడే చెప్పాను. భారతంలోనే అశ్వత్థామ నిద్రపోతున్నవాళ్లని చంపాడు. కాకపోతే చేసినవాడు చీకట్లో చేసి మొహం చాటేసేవాడు. ఇప్పుడు పట్టపగలు చేసి, పాట కలిపి ఊరంతటికీ చూపిస్తున్నారు. ఇక ఆసుపత్రులా? 2015 అక్టోబరులో అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో అమెరికా విమానం ఆసుపత్రి మీదే కాల్పులు జరిపింది. 42 మంది పోయారు. ఆసుపత్రుల మీద దాడులు ఆపాలని మరుసటి ఏడు భద్రతా మండలి తీర్మానం చేసింది. చేసి ఏం లాభం?

పట్టుబడినవాణ్ణి జనం వేడుక చూడ్డానికి పెట్టకూడదని మూడో ఒప్పందంలో ఉంది. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాన్‌కి పట్టుబడిన మన పైలట్ అభినందన్ నెత్తురోడే మొహంతో ఉన్న వీడియో బయటికొస్తే మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మా వీధి వాట్సాప్ గ్రూపు మొత్తం భగ్గుమంది. నేనూ భగ్గుమన్నాను. ఇప్పుడు ఈ డప్పుల పాట వీడియో మావాడికి వచ్చింది కూడా ఆ గ్రూపులోంచే.

అందుకని గ్రూపులోవాళ్లకి నా మనవి. గుడ్ మార్నింగ్ పువ్వులు ఎన్ని పంపినా భరిస్తాను. పడిపోయినవాడి వీడియో మాత్రం నాకు పంపకండి, ఇంకొకరికీ పంపకండి.